వర్షారణ్యపు అరుదైన చీమను గుర్తించడం, వర్ణించడం ఎలా?

హైదరాబాదు చుట్టూ వర్షారణ్యం లేదు. మనకు దగ్గరలో ఉన్న నల్లమల కూడా ఎండాకాలంలో ఆకు రాల్చే అడవే. అయినా ఆగుంబె వైపో, కేరళ కొండల వైపో పరిశోధనకు వెళ్ళివచ్చిన విద్యార్థుల సంచుల్లో ఆల్కహాలు పోసిన చిన్న సీసాలు ఈ ఊరికి వస్తూనే ఉంటాయి. అలాంటి సీసాలో, ఎవరూ ఇంతవరకు చూసినట్టు తోచని ఒక చీమ ఉన్నప్పుడు దానితో ఏం చేయాలో ఈ వ్యాసం వరుసగా చెబుతుంది. ముందుగా ఒక్క మాట: దాని పేరేమిటన్న ప్రశ్నను చివరికి వాయిదా వేయండి. పేరు ముందే మనసులో పెట్టుకున్న కన్ను ఆ పేరుకు సరిపడే లక్షణాలనే వెతుక్కుంటుంది, సరిపడని వాటిని జారవిడుస్తుంది. ఎన్నో ఏళ్ళుగా చీమలు చూస్తున్నవారికి కూడా ఈ పొరపాటు తప్పదు.

అనుమతి, అభ్యాసం

అభయారణ్యాల్లోనూ జాతీయ ఉద్యానాల్లోనూ ఏ జీవినీ అనుమతి లేకుండా సేకరించకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది; చీమ చిన్నదని మినహాయింపు లేదు. రోజూ వేలమంది నడకకు వెళ్ళే కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, చిలుకూరు దారిలోని మృగవని, వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి, ఈ మూడూ జాతీయ ఉద్యానాలేనన్న సంగతి చాలామంది నగరవాసులకు గుర్తుండదు. కనుక అభ్యాసానికి మీ ఇంటి ప్రహరీగోడ, వీధి చివరి వేపచెట్టు చాలు. అడవి నుంచి వచ్చిన నమూనాకైతే అటవీశాఖ ఇచ్చిన అనుమతి పత్రం నకలును మొదటి రోజే మీ దస్త్రంలో పెట్టుకోండి. వ్యాసం ప్రచురించే వేళ పత్రిక సంపాదకులు దాని సంఖ్య అడుగుతారు.

అరుదైన దానిని ముట్టుకునే ముందు మామూలు చీమలతో చేయి తిరగాలి. మూడు చీమలు సరిపోతాయి. మొదటిది గోడల వెంట తిరిగే పెద్ద నల్ల గండుచీమ, అంటే కాంపోనోటస్ కంప్రెసస్. రెండవది చెట్ల బెరడు మీద ఒంటరిగా తిరుగుతూ, నడుమభాగం ఎర్రగా, తల, పొట్ట నల్లగా ఉండి, కుడితే చేయి మండిపోయే టెట్రాపొనెరా రూఫోనైగ్రా. మూడవది మట్టిలో గూడు పెట్టి, కాలు పెడితే గుంపుగా కరిచే ఎర్రచీమ సొలెనాప్సిస్ జెమినేటా. ఈ మూడింటి నడుములు, మీసాలు, పొట్ట చివరలు పక్కపక్కన పెట్టి చూస్తే, చీమల వర్గీకరణలో వాడే ముఖ్య లక్షణాలలో సగం మీకు కళ్ళతోనే అర్థమవుతాయి.

చీటీ

చీమకన్నా చీటీ ముఖ్యం. ఇది అతిశయోక్తి కాదు: ఎక్కడిదో తెలియని అరుదైన చీమకు శాస్త్రంలో దాదాపు విలువ ఉండదు. ప్రతి సీసాలోనూ, సీసా లోపలే, ఒక చీటీ ఉండాలి. దాని మీద దేశం, రాష్ట్రం, జిల్లా, స్థలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, సేకరించిన వారి పేరు, ఎలాంటి చోట దొరికిందో, ఏ పద్ధతిలో పట్టారో రాయాలి. "రాలిన ఆకుల పొర, జల్లెడ పట్టి, వింక్లర్ సంచిలో (ఆకుల్లోని పురుగులు కిందికి జారి సీసాలో పడే గుడ్డ సంచి) 48 గంటలు" అని రాస్తే, ఆ చీమ నేల మీద ఆకుల్లో బతికేదని తరువాతి మనిషికి తెలుస్తుంది. "అడవిలో దొరికింది" అని రాస్తే ఏమీ తెలియదు.

చీటీ పెన్సిలుతో రాయండి. నేను మొదటిసారి తెచ్చిన పదకొండు సీసాలకు చక్కటి నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు రాశాను. ఇంటికి వచ్చి చూసేసరికి ఆల్కహాలు లేత నీలంగా, చీటీలు తెల్లగా ఉన్నాయి. ఆ పదకొండింటిలో ఒకటి ఇప్పటికీ నా అలమరలో ఉంది. మంచి చీమ, ఊరు లేని చీమ.

ఆల్కహాలు విషయానికి వస్తే, డీఎన్‌ఏ అవసరమవుతుందనుకుంటే 95 శాతం ఇథనాల్ వాడాలి. కేవలం ఆకారం చూడటానికైతే 70 నుంచి 75 శాతం మేలు, ఎందుకంటే గాఢత పెరిగేకొద్దీ కీళ్ళు బిగుసుకుపోయి మీసం కదిపితే విరుగుతుంది. ఇథనాల్ మీద ఎక్సైజు నియంత్రణ ఉంది కనుక దుకాణాల చుట్టూ తిరగకుండా కళాశాల ప్రయోగశాల ద్వారా తెప్పించుకోవడమే సులువు.

అట్ట మీద అతికించడం

ఒకే గూటి నుంచి వచ్చిన చీమలు పది ఉంటే, అయిదింటిని ఆల్కహాలులోనే ఉంచి మిగిలినవి ఆరబెట్టి అట్టకు అతికించండి. సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున్న సన్నటి త్రిభుజాకారపు అట్టముక్క కత్తిరించి, వెడల్పు వైపున కీటకాల సూది గుచ్చి, మొన మీద చిన్న జిగురు చుక్క పెట్టాలి. చీమ అడుగుభాగంలో, మధ్య కాళ్ళకూ వెనుక కాళ్ళకూ నడుమ ఆ మొన తగలాలి. తల, నడుము, పొట్ట, ఒకవైపు పార్శ్వం పూర్తిగా కనబడేలా ఉండాలి. ఇంట్లో పడివున్న శుభలేఖల అట్ట అభ్యాసానికి బాగా పనికొస్తుంది. అసలు నమూనాకు మాత్రం ఆమ్లం లేని కాగితమే వాడండి. నీటితో నానబెడితే ఊడే తెల్ల జిగురే వాడాలి. క్షణంలో అతుక్కునే జిగురు పెట్టారా, ఆ చీమ అడుగుభాగాన్ని ఇక ఎవరూ చూడలేరు.

ఆరబెట్టే పళ్ళాన్ని నీళ్ళ గిన్నె మధ్యలో పెట్టండి. పాలగిన్నెకూ బెల్లం డబ్బాకూ మన ఇళ్ళలో చేసేదే ఇది. చీమల నమూనాలను చీమలు తినవులే అన్న ధీమాతో నేను ఒక రాత్రి బల్ల మీద వదిలేశాను. తెల్లవారేసరికి వంటింటి చిన్న చీమలు మూడు పొట్టల్ని ఖాళీ చేసి, ఒక తలను కిటికీ దాకా మోసుకుపోయాయి. హైదరాబాదులో జూన్ నుంచి అక్టోబరు దాకా బూజు మరో శత్రువు. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి.

ముందు అది చీమేనా?

ఈ ప్రశ్న విడ్డూరంగా అనిపించవచ్చు. కానీ చీమ వేషం వేసే సాలీళ్ళు మన తోటల్లోనే ఉన్నాయి. మామిడి ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలను పోలిన గెంతే సాలీడు ఒకటి, ముందు కాళ్ళను మీసాల్లా పైకెత్తి ఆడిస్తూ తిరుగుతుంది. కాళ్ళు లెక్కపెట్టండి: ఎనిమిది ఉంటే పక్కన పెట్టేయండి. చీమకు ఆరు కాళ్ళు, మోచేయిలా వంగిన మీసాలు, వక్షానికీ పొట్టకూ మధ్య ముడిలా పైకి లేచిన నడుము ఉంటాయి. రెక్కలు లేని కందిరీగలు కూడా మోసం చేస్తాయి. అప్పుడు వక్షం వెనుక, కింది మూలలో ఉండే మెటాప్ల్యూరల్ గ్రంథి రంధ్రం కోసం వెతకాలి. చీమలకు తప్ప మరే కీటకానికీ ఆ గ్రంథి లేదు. గండుచీమలోనూ, ఆకులు కుట్టే చీమలోనూ అది లుప్తమైంది కనుక, అది లేనంత మాత్రాన చీమ కాదనుకోకూడదు.

నడుము, పొట్ట చివర

ఇప్పుడు అసలు పని మొదలవుతుంది. స్టీరియో మైక్రోస్కోపు కింద చీమను పక్కవాటుగా పెట్టి, నడుములో ఎన్ని ముడులున్నాయో చూడండి. మొదటి ముడిని పెటియోల్ అంటారు, రెండవది ఉంటే పోస్ట్‌పెటియోల్. నడుము దాటాక మిగిలిన పొట్టను గ్యాస్టర్ అంటారు. మీ గండుచీమకు ఒకటే ముడి; టెట్రాపొనెరాకూ సొలెనాప్సిస్‌కూ రెండేసి. ఆ తరువాత గ్యాస్టర్ చివరకు వెళ్ళండి. గండుచీమ పొట్ట కొసలో సన్నటి వెంట్రుకలు చుట్టూ నిలిచిన గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది. ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్మే ఆ రంధ్రం ఉంటే అది ఫార్మిసినే ఉపకుటుంబం. గుండ్రటి రంధ్రం కాక అడ్డంగా చీలిక ఉండి, కొండి లేకపోతే డోలికోడెరినే. ఒకే ముడి ఉండి, కొండి ఉండి, గ్యాస్టర్‌లో మొదటి రెండు ఖండాల మధ్య దారం కట్టి బిగించినట్టు నొక్కు ఉంటే చాలావరకు పొనెరినే. రెండు ముడులుంటే ముందుగా మిర్మిసినే, లేదా టెట్రాపొనెరాలాగా కళ్ళు బాగా పెద్దవై సన్నగా పొడుగ్గా ఉంటే సూడోమిర్మెసినే అని ఆలోచించాలి. కొండి పొట్టలోకి ముడుచుకుని ఉండవచ్చు కాబట్టి, కనబడలేదని లేదని రాయకండి. మెత్తగా ఉన్న నమూనాను సన్నటి సూదితో అదిమి చూడండి.

కొన్ని చీమలు ఈ వరుసలో ఇమడవు. అరుదైన వాటి దగ్గర జరిగేది ఇదే కనుక ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. శ్రీలంక వర్షారణ్యాల్లో, రత్నపుర, గిలిమలె ప్రాంతాల్లో దొరికే అన్యూరెటస్ సిమోనీ అనే చిన్న పసుపు చీమను 1893లో ఇటలీ శాస్త్రవేత్త కార్లో ఎమెరీ వర్ణించారు. దాన్ని పై వరుసలో పెట్టి చూడండి. నడుములో ఒకటే ముడి, అదీ పొడుగాటి కాడ మీద నిలిచిన ముడి. కనుక మిర్మిసినే కాదు. గ్యాస్టర్‌లో నొక్కు లేదు, కాబట్టి పొనెరినే అనడానికి వీల్లేదు. స్పష్టమైన కొండి ఉంది, అందువల్ల ఫార్మిసినే గానీ డోలికోడెరినే గానీ కావు. వక్షం వెనుక రెండు ముళ్ళున్నాయి. అన్ని తలుపులూ మూసుకున్నాయి. ఇలా దారి మూసుకున్న చోట చాలామంది, ఏదో ఒక లక్షణాన్ని తాము తప్పుగా చూశామనుకుని దగ్గరలో ఉన్న తలుపును తోసుకుని లోపలికి వెళ్ళిపోతారు. అక్కడ ఆగాలి. చూసినది చూసినట్టు రాసి పెట్టుకోవాలి. అన్యూరెటినే అనే ఉపకుటుంబంలో ఈనాడు బతికివున్నది ఈ చీమ ఒక్కటే. ఆ ఉపకుటుంబంలోని మిగతావన్నీ బాల్టిక్ అంబరు వంటి శిలాజాల్లోనే దొరుకుతాయి. కొండి పోగొట్టుకున్న డోలికోడెరినేలకు ఇది దగ్గరి చుట్టం కావడం వల్ల, నడుమా కొండీ ఇలా కలిసివుండటం చీమల పరిణామ చరిత్రలో ఎంతో విలువైన సాక్ష్యం.

మీసాలు లెక్కపెట్టడం, కొలతలు

మీసంలో పొడుగాటి మొదటి ఖండం స్కేప్, తక్కినదంతా ఫ్యునిక్యులస్. మొత్తం ఖండాలను స్కేప్‌తో సహా, రెండు మీసాల్లోనూ విడివిడిగా లెక్కపెట్టండి. గండుచీమ శ్రామికకు పన్నెండు, సొలెనాప్సిస్‌కు పది వస్తాయి. సొలెనాప్సిస్‌లో చివరి రెండు ఖండాలు గదలా లావెక్కి ఉంటాయి, దాన్నే క్లబ్ అంటారు. రెండు మీసాలకు రెండు లెక్కలు వస్తే వెలుతురు కోణం మార్చి మళ్ళీ చూడాలి. ఇది మీ ఓపికకు పరీక్ష, ఆ చీమ లోపం కాదు.

కొలతలకు కంటిదగ్గరి కటకంలో అమర్చే గీతల బిళ్ళ అవసరం. ఒక మిల్లీమీటరును నూరు భాగాలు చేసిన స్లైడు కింద పెట్టి, ఒక్కొక్క వృద్ధీకరణానికీ గీత విలువ విడిగా లెక్కకట్టి గోడకు అంటించుకోండి. కనీసం ఈ కొలతలు కావాలి: దవడలు వదిలేసి తల పొడవు, తల వెడల్పు, స్కేప్ పొడవు, కంటి పొడవు, ఇంకా వక్షం పక్కవాటున ఏటవాలుగా తీసే వెబర్ పొడవు. తల వెడల్పును కళ్ళతో కలిపి తీశారో, కళ్ళు వదిలేసి తీశారో తప్పనిసరిగా రాయండి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల పాత వ్యాసాల అంకెలతో పోల్చడం కుదరక తల పట్టుకున్నవారు నాకు తెలుసు. తల పొడవు కొలిచేటప్పుడు ముందంచు, వెనుకంచు రెండూ ఒకే ఫోకసులో స్పష్టంగా కనబడాలి. తల కొద్దిగా వాలినా కొలత పొట్టిదైపోతుంది.

లెక్క కోసం ఒక ఊహా ఉదాహరణ. తల పొడవు 0.62 మిల్లీమీటర్లు, వెడల్పు 0.50, స్కేప్ 0.55 అనుకుందాం. వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే 81 వస్తుంది, ఇది తల సూచిక. స్కేప్‌ను వెడల్పుతో భాగించి నూరుతో గుణిస్తే 110, ఇది స్కేప్ సూచిక. అంటే తల వెడల్పుకంటే పొడవెక్కువది, మీసపు మొదటి ఖండం తల వెడల్పును దాటుతుంది. ఒక్క చీమ కొలతతో ఆగకండి. ఉన్నవన్నీ కొలిచి కనిష్ఠం, గరిష్ఠం రాయండి.

వర్ణన రాయడం

వర్ణనలో వాక్యాలు తల నుంచి మొదలై వక్షం, నడుము, గ్యాస్టర్ మీదుగా పోవాలి. ఆపైన ఉపరితలపు చెక్కడం, వెంట్రుకలు, అన్నిటికన్నా చివర రంగు. రంగును చివర పెట్టడానికి కారణం ఉంది: ఆల్కహాలులో అది వెలిసిపోతుంది, ఇప్పుడే పుట్టిన చీమలు పెద్దవాటికన్నా లేతగా ఉంటాయి. ఉపరితలాన్ని చెప్పడానికి తెలుగులో మాటలకు కొరత లేదు. దర్జీవారి అంగుస్తానులా వత్తుగా గుంటలున్నాయా, దున్నిన చాళ్ళలా సమాంతరంగా గీతలున్నాయా, వలకన్నుల్లా అల్లుకున్నాయా, నూనె రాసినట్టు నునుపుగా మెరుస్తోందా, మొదట తెలుగులోనే మీ నోటుపుస్తకంలో రాసుకోండి. వ్యాసం ఇంగ్లీషులో వెళ్ళవలసిందే అయినా, ముందు సొంత మాటల్లో చూసినవాడికి పుస్తకాల్లోని అరువు పదాలు అచ్చంగా సరిపోయాయో లేదో తెలుస్తుంది. "పెద్దది", "చిన్నది", "అందమైనది" అనే మాటలు వాడకండి. కన్ను పెద్దది అనే బదులు, కంటి పొడవు తల పొడవులో ఎన్నో వంతు అని రాయండి.

ఫోటోలు మూడు తప్పనిసరి: తల ఎదురుగా, పక్క నుంచి, పై నుంచి. ఒక్కొక్కదాన్నీ ఫోకసు మార్చుకుంటూ వరుస ఫోటోలుగా తీసి కంప్యూటరులో ఒక్కటిగా కలిపితే అంతటా స్పష్టత వస్తుంది. ప్రతి ఫోటో మీదా కొలబద్ద గీత ఉండాలి.

పోల్చడం

ఇప్పుడు పేరు వెతకవచ్చు. ప్రజాతి దాకా బారీ బోల్టన్ 1994లో వెలువరించిన ప్రపంచ చీమల ప్రజాతుల గుర్తింపు గ్రంథం ఇప్పటికీ చేతికర్రే, అయితే ఆ తరువాత చాలా పేర్లు మారాయి. యాంట్‌క్యాట్ అనే ఆన్‌లైన్ పట్టికలో ప్రతి పేరునూ సరిచూసుకోవాలి. భారతదేశపు జాతులకు మొదటి పెద్ద ఆధారం 1903లో వచ్చిన బింగ్‌హామ్ సంపుటం. 2016లో ప్రచురితమైన భారతీయ చీమల జాబితాలో పది ఉపకుటుంబాలు, 100 ప్రజాతులు, ఉపజాతులతో కలిపి 828 పేర్లున్నాయి. పశ్చిమ కనుమల చీమ అయితే శ్రీలంక జాతులతోనూ పోల్చి తీరాలి. నెల్లూరులో కొంతకాలం వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1851లో మద్రాసు పత్రికలో దక్షిణ భారత చీమలను వర్ణించారు. పొడుగాటి దవడలతో ఎగిరి దూకే హార్పెగ్నాథోస్ సాల్టేటర్ పేరు ఆయన పెట్టిందే. అంత పాత వర్ణనలు రెండు మూడు వాక్యాలకు మించవు. అందుకే చివరికి, పేరు పెట్టినప్పటి అసలు నమూనానే చూడవలసి వస్తుంది. ఎమెరీ నమూనాలు జెనోవాలో, స్విట్జర్లాండు శాస్త్రవేత్త ఫోరెల్‌వి జెనీవాలో, బింగ్‌హామ్‌వి లండనులో ఉన్నాయి. 2002లో కాలిఫోర్నియాలో మొదలైన యాంట్‌వెబ్ ఇలాంటి వేల నమూనాల ఫోటోలను అందరికీ అందుబాటులో ఉంచింది కనుక విమాన టికెట్టు కొనే ముందు అక్కడ చూడండి.

కొత్తది దొరికిందని సంబరపడే ముందు మూడు అనుమానాలు తీర్చుకోవాలి. ఒకటి, పెద్ద శ్రామిక, చిన్న శ్రామిక తేడా: గండుచీమ గూటిలోనే తల రెండింతలున్న చీమను చూసి వేరే జాతి అనుకున్న విద్యార్థులు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. రెండు, రెక్కలు రాల్చిన రాణిని శ్రామిక అనుకోవడం. రెక్కలు ఊడిన చోట వక్షం మీద మచ్చలుంటాయి, వక్షమూ బలిసి ఉంటుంది. మూడు, మనుషుల వెంట ఓడల్లోనూ మొక్కల కుండీల్లోనూ వచ్చిన విదేశీ చీమ.

చేతిలో ఒక్క నమూనాయే ఉంటే? సాధారణంగా ఆగమనే చెబుతాను. అయితే 2003లో బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర వర్షారణ్యపు ఆకుల పొరలో దొరికిన, కళ్ళులేని పాలిపోయిన ఒకే ఒక్క శ్రామిక ఆధారంగా 2008లో మార్షియాలిస్ హ్యూరేకా అనే జాతినీ, దానికోసం ఒక కొత్త ఉపకుటుంబాన్నీ ప్రకటించారు. డీఎన్‌ఏను దాని కాలి నుంచే తీశారు కనుక మిగతా శరీరం చెక్కుచెదరలేదు. మీరూ అదే పద్ధతి పాటించండి: ఫోటోలు, కొలతలు అన్నీ పూర్తయ్యాకే, ఒకవైపు కాలు ఒక్కటి తీసి పంపించండి, రెండో వైపు కాళ్ళన్నీ అలాగే ఉంచండి. జాతిని గుర్తించే బార్‌కోడుగా వాడే సీఓ1 జన్యుభాగం పొడవు 658 అక్షరాలు. అది సాయపడే సాక్షి మాత్రమే, తీర్పరి కాదు.

పేరు పెట్టడం, అప్పగించడం

2000 జనవరి 1 నుంచి అమలులో ఉన్న జంతునామ నియమావళి నాలుగో కూర్పు ప్రకారం, కొత్త పేరుకు మూడు విషయాలు తప్పనిసరి: దగ్గరి జాతుల నుంచి దాన్ని వేరుచేసే లక్షణాలు మాటల్లో చెప్పాలి, ఒక నమూనాను హోలోటైపుగా, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే అసలు నమూనాగా, స్పష్టంగా ప్రకటించాలి, అది ఏ సంస్థలో ఉంటుందో రాయాలి. ఆన్‌లైనులో మాత్రమే వచ్చే పత్రిక అయితే 2012 సవరణ ప్రకారం జూబ్యాంకు అనే ఆన్‌లైన్ జంతునామ పట్టికలో నమోదు చేసి, ఆ సంగతి వ్యాసంలో కనబరచాలి. జాతిపేరు విశేషణమైతే ప్రజాతి లింగాన్ని అనుసరించాలి: కాంపోనోటస్ పుంలింగం, టెట్రాపొనెరా స్త్రీలింగం, మోనోమోరియం నపుంసకం. ఊరిపేరో, ఆకారాన్ని చెప్పే మాటో పెట్టండి. సొంత పేరు పెట్టుకోవడాన్ని ఏ నియమమూ ఆపదు, కానీ నలుగురూ నవ్వుతారు.

హోలోటైపు సూదికి ఎర్ర చీటీ గుచ్చడం ఆనవాయితీ. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతి నిర్దేశిత భాండాగారానికి తెలిపి నమూనాను అప్పగించాలి. జంతువుల విషయంలో అది 1916లో ఏర్పడి కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తున్న జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దాని ప్రాంతీయ కేంద్రం ఒకటి మన అత్తాపూర్‌లోనే ఉంది, కనుక ముందుగా అక్కడ విచారించండి. పారాటైపులను, అంటే హోలోటైపుతో పాటు వర్ణనకు వాడిన మిగతా నమూనాలను, కనీసం రెండు వేర్వేరు సంస్థల్లో ఉంచితే, ఒకచోట అగ్నిప్రమాదమో బూజో వచ్చినా మరోచోట మిగులుతాయి. పెట్టెను స్వయంగా తీసుకెళ్ళండి, ఆటోలో ఒళ్ళో పెట్టుకోండి. అప్పగించినట్టు ఇచ్చిన రసీదు మీది నమోదు సంఖ్యను వ్యాసం తుది ప్రూఫులో చేర్చాకే దాన్ని అచ్చుకు పంపండి.